సవరణ: మతం గుర్తింపు, లింగకాయ

మొన్న ఆదివారం, బెంగళూరులో లింగాయతుగా (బసవణ్ణను అనుసరించే శివభక్తుల సంప్రదాయం మాది) నా తిప్పల గురించి రాసిన పోస్టులో రెండు తప్పులున్నాయి.

2018లో కర్ణాటక ప్రభుత్వం లింగాయత్‌ను ప్రత్యేక మతంగా గుర్తించేసిందని రాశాను. కాదు. ఆ మార్చిలో కేంద్రానికి సిఫారసు మాత్రమే చేసింది, కేంద్రం ఒప్పుకోలేదు. చెప్పిన మిత్రులకు థ్యాంక్స్.

రెండోది ఇంటి సంగతి. ఇష్టలింగం (మెడలో వేసుకునే చిన్న శివలింగం) వేసుకోమని అమ్మ రోజూ పోరుతోందని రాశాను. అది చదివి అమ్మ హిందూపురం నుంచి ఫోన్ చేసింది. "నేనెప్పుడు పోరానురా? తాతగారి వెండి లింగకాయ ఎక్కడ పెట్టావని అడిగాను, అంతే కదా!" (లింగకాయ అంటే ఇష్టలింగాన్ని ఉంచే చిన్న భరిణె.)

నిజమే. అడిగింది ఒక్కసారే. అది మారతహళ్లి రూమ్‌లో పాత ఛార్జర్లు పడేసే డబ్బాలో ఉంది, దారం చిక్కుపడి, వెండి నల్లబడి. ఆ మాట చెప్పలేక టెన్షన్ పడి, తప్పు అమ్మ మీదకు నెట్టేశాను. (ఇప్పుడు డబ్బాలోంచి తీశాను. వేసుకోలేదు, బల్ల మీద ఉంది.)

మనవాళ్లలోనే పెళ్లి చేసుకోవాలన్న నాన్న పట్టు గురించి రాసిన పేరాలో మాత్రం ఏ మార్పూ లేదు. పన్నెండో శతాబ్దంలో, బసవణ్ణ కాలంలో, కల్యాణ పట్టణంలో శరణులు (ఆయన అనుచరులు) కులం దాటి పెళ్లి జరిపించారని చిన్నప్పుడు నాకు చెప్పింది ఆయనే.