‘వేసవి’ వైశాఖం నుంచి పుట్టలేదు

ఎండలు ముదిరేసరికి మన విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారం ఇది: ‘వేసవి’ అనేది సంస్కృత ‘వైశాఖి’కి వికృతి, విశాఖపట్నం అంటే ‘వేసవి పట్నం’, అచ్చ తెలుగు మాట కావాలంటే ‘ఎండాకాలం’ అనాలి. ఊరి మీద ప్రేమతోనే పంపుతున్నారు, కాదనను. కానీ మూడూ తప్పే.

మొదటిది వినడానికి బాగానే ఉంటుంది. శిఖ సిగ అయింది, ముఖం మొగం అయింది. అలాగే వైశాఖి ‘వేసగి’ అయి, తర్వాత వేసవి అయిందంటే నమ్మాలనిపిస్తుంది. కానీ పంచాంగం తీయండి. చైత్ర వైశాఖాలు వసంత ఋతువు. గ్రీష్మం వచ్చేది జ్యేష్ఠ ఆషాఢాల్లో.

అసలు ఆధారం మన నోట్లోనే ఉంది. బీచ్ రోడ్డులో వేడి ఇసుకలో వేరుశెనగలు వేపే మనిషిని పొట్లం అడిగితే, గరిటె తిప్పుతూనే ‘ఇంకా వేగలేదమ్మా’ అంటాడు. బస్టాపులో నిలబడ్డవాళ్లు ‘ఈ ఎండకి వేగిపోతున్నాం’ అంటారు. వేగు, వేపు, వేడి, వేసవి, అన్నిటికీ మూలం ఒకటే: కాలడం, ఉడకడం అనే అర్థమున్న ‘వే’. తమిళంలో ‘వే’ అంటే ఉడుకు, వాళ్ల వేసవి ‘వేనిల్’. కన్నడంలో ‘బే’ అంటే ఉడుకు, వాళ్ల వేసవి ‘బేసగె’. మన వేరు వాళ్లకు బేరు, మన వేట వాళ్లకు బేటె అయినట్టే ఇదీ. ఇక వైశాఖ మాసాన్ని తమిళులు ‘వైగాసి’ చేసుకున్నారు. దానికీ వేనిల్‌కీ చుట్టరికమే లేదు. మనకు వేసంగి అనే రూపం కూడా ఉంది, తెలంగాణ రైతుల నోట యాసంగి అయింది అదే.

ఊరి పేరు సంగతి. విశాఖ ఒక నక్షత్రం, కుమారస్వామికి ఉన్న పేర్లలో ఒకటి కూడా. ఆ నక్షత్రంలో పున్నమి వచ్చే నెల కాబట్టి వైశాఖం. విశాఖేశ్వరుడి గుడి వల్ల ఊరికి ఈ పేరొచ్చిందని, ఆ గుడి సముద్రంలో కలిసిపోయిందని పెద్దవాళ్లు చెబుతారు. ఇందులో ఎండ ప్రసక్తే లేదు. అయినా మనల్ని చంపేది ఎండ కన్నా ఉక్కపోత కదా.

చివరిది నాకు ఎక్కువ బాధ కలిగించేది. ‘ఎండాకాలం’లో ఎండ మనదే, కాలం మాత్రం సంస్కృతం. రెండు మాటలూ హాయిగా వాడుకోవచ్చు. కానీ అచ్చ తెలుగు కావాలని పట్టుబట్టేవాళ్లు వదులుకోమంటున్నది వేసవిని, అంటే ఈ రెండిట్లో పూర్తిగా మనదైన మాటని.