తరగని ఇంధనం

బొగ్గు గొప్పదా, సూర్యుడు గొప్పవాడా, అణువు గొప్పదా అని టీవీల్లో పెద్దమనుషులు గొంతులు చించుకుంటున్నారు. మూడు పక్షాలవీ సగం నిజాలే. బొగ్గు ఏదో ఒకనాటికి అయిపోతుంది. సూర్యుడు సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగిపోతాడు. అణువు సంగతి కాసేపట్లో చెబుతాను. ఇన్నేళ్లుగా మన కళ్లెదుటే ఉంటూ, వాడినకొద్దీ పెరుగుతూ వస్తున్న నాలుగో ఇంధనాన్ని మాత్రం ఏ నిపుణుడూ పట్టించుకోలేదు. దాని పేరు గడువు. దానికి తవ్వకం అక్కర్లేదు, దిగుమతి సుంకం లేదు, రాత్రిపూట కూడా పనిచేస్తుంది. దేశాన్ని నడుపుతున్నది అదే అయినప్పుడు దానికి దక్కాల్సిన గౌరవం ఇప్పించడం పౌరుడిగా నా బాధ్యత.

అన్నిటికన్నా పెద్ద గడువు 2070. ఆ ఏడాదికి నెట్ జీరో, అంటే గాల్లోకి వదిలే కర్బనమూ గాల్లోంచి తీసేసే కర్బనమూ సమానమయ్యే స్థితి, సాధిస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రధాని ప్రకటించారు. ఆ రోజు పుట్టిన పిల్లకు అప్పటికి నలభై తొమ్మిదేళ్లు వస్తాయి. అనుమానం ఉంటే తనే వెళ్లి అడుగుతుంది, ఎవర్ని అడగాలో తెలిస్తే. ఇక్కడ మనల్ని మరీ తిట్టుకోనక్కర్లేదు. తలసరి లెక్కన అమెరికా వాడు వదిలే కర్బనం మనకు దాదాపు ఏడు రెట్లు. ఆ దేశం ప్యారిస్ వాతావరణ ఒప్పందంలోంచి ఒకసారి వెళ్లి, 2021లో తిరిగొచ్చి, 2025 జనవరిలో మళ్లీ చెప్పులేసుకుంది. 2025 నవంబర్‌లో బ్రెజిల్‌లోని బెలెమ్‌లో వాతావరణ సదస్సు జరుగుతుండగా ప్రాంగణంలోనే మంటలు లేచి, ప్రతినిధులు బయటికి పరుగెత్తారు. చివరికి వచ్చిన ఒప్పంద పత్రంలో శిలాజ ఇంధనాల ఊసే లేదు. మంట అందరూ చూశారు, కట్టె పేరు ఎవరూ ఎత్తలేదు. ఇలాంటి లోకంలో మనం కాస్త నిదానంగా వెళ్తామనడం న్యాయమే. ఈ న్యాయాన్ని మనవాళ్లు తర్వాత ఎక్కడికి తీసుకెళ్లి వాడారో చూద్దురుగాని.

గడువుకు ముందే చేరుకున్న లక్ష్యాలు కూడా మనకున్నాయి. దేశంలోని విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కానిదే అయి ఉండాలన్నది 2030 లక్ష్యం. 2025లోనే అందుకున్నాం. నిజంగా మెచ్చుకోవాల్సిన పనే, నేనూ మెచ్చుకున్నాను. కానీ పెట్టిన ప్లాంట్ల లెక్క వేరు, పుట్టిన కరెంటు లెక్క వేరు. రేషన్ కార్డులో సగం పేర్లు సూర్యుడివీ గాలివీ నీటివీనూ. పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ వంట చేస్తున్నది మాత్రం ఇప్పటికీ బొగ్గే. నూటికి డెబ్భై యూనిట్ల దాకా దాని చేతి వంటే.

ఏసీల విషయంలో గడువు మరీ ముద్దొచ్చేలా ప్రవర్తించింది. కొత్త ఏసీలు 20 డిగ్రీల కంటే కిందికి దిగకుండా నిబంధన తెస్తామని 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి చెప్పారు. పద్దెనిమిదిలో పెట్టుకుని, రగ్గు ముసుగేసుకుని, తెల్లారుజామున వణుకుతూ రిమోట్ కోసం దిండు కింద వెతుక్కునే మధ్యతరగతి గుండె ఒక్కసారిగా ఆగినంత పనైంది. ఇది పౌరహక్కుల సమస్య అన్నారు వాట్సాప్‌లో. అంతలోనే పర్యావరణ మంత్రి ఊరడించారు: అలాంటి పరిస్థితి వస్తే గిస్తే 2050 తర్వాతేనట. ఒకే ప్రభుత్వం, ఒకే నెల, మధ్యలో పాతికేళ్లు. ఇంత విశాలమైన గడువును ఇంత తక్కువ సమయంలో ఉత్పత్తి చేసిన దేశం మరొకటి ఉందా?

ఇక అణువు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం దేశంలోకెల్లా పరిశుభ్రమైనది. ఇన్నేళ్లలో ఒక్క గ్రాము కర్బనం వదల్లేదు, ఒక్క చెంచా అణు వ్యర్థం మిగల్చలేదు. ఒక్క యూనిట్ కరెంటు కూడా ఇవ్వలేదనుకోండి. మొదట జనరల్ ఎలక్ట్రిక్ రియాక్టర్లన్నారు. తర్వాత వెస్టింగ్‌హౌస్ వాళ్లవి, ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అన్నారు. ఆ వెస్టింగ్‌హౌస్ 2017 మార్చిలో దివాలా పిటిషన్ వేసి, తర్వాత ఎలాగో తేరుకుంది. కాగితం మీద 7,248 మెగావాట్లు చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి. చెక్కుచెదిరినవి ఇళ్లు. ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని ఊళ్లో ఇంటికప్పు ఎవడు మార్పిస్తాడు?

ఇవన్నీ చిల్లర గడువులు. మన గడువు సాంకేతికత శిఖరానికి చేరింది ఎఫ్‌జీడీ వ్యవహారంలో.

బొగ్గు కాలిస్తే సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. పొగగొట్టంలోకి వెళ్లకముందే ఆ పొగ మీద సున్నపురాయి పొడి కలిపిన నీళ్లు చల్లితే గంధకం అందులో చిక్కుకుని జిప్సంగా మారుతుంది. జిప్సం సిమెంటు వాళ్లకు పనికొస్తుంది. ఆ యంత్రాన్నే ఎఫ్‌జీడీ అంటారు. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు, ఖర్చు మాత్రం ఉంది. థర్మల్ కేంద్రాలన్నీ రెండేళ్లలో కొత్త ఉద్గార పరిమితులకు లోబడాలని 2015 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. అంటే 2017. అది రాగానే 2022 అయింది. 2022 వస్తుందేమోనన్న భయంతో 2021లోనే కేంద్రాలను అవి ఉన్న చోటును బట్టి ఎ, బి, సి అని మూడు తరగతులు చేసి తలా ఒక తేదీ ఇచ్చారు. ఆ తేదీలూ ముందుకు జరిగాయి. 2024 డిసెంబర్ ఆఖర్లో ఇంకో మూడేళ్లు జరిగాయి. చివరికి 2025 జూలైలో, ప్రతిసారీ ఈ జరపడమేమిటి, నడుం నొప్పి తప్ప అనుకున్నారేమో, సి తరగతికి ఎఫ్‌జీడీ అక్కర్లేదని తేల్చేశారు. సి అంటే మొత్తంలో 78 శాతం.

‘ఆలస్యం అమృతం విషం’ అన్న మహానుభావుడు థర్మల్ కేంద్రం నడిపి ఉండడు. ఉత్తర్వు చూసి నిజమేననుకుని ముందే యంత్రాలు బిగించుకున్నవాళ్లకు ఖర్చు మిగిలింది. పట్టించుకోకుండా కూర్చున్నవాళ్లకు మినహాయింపు దక్కింది. ఎఫ్‌జీడీ పెట్టాలని గుర్తించిన 537 థర్మల్ యూనిట్లలో అప్పటికి బిగించుకున్నవి పదో వంతు కూడా లేవు. అంటే మిగతా తొమ్మిది వంతుల యాజమాన్యాలకు భవిష్యత్తు ముందే తెలుసు. వాతావరణ అంచనాలకు మనం శాస్త్రవేత్తలను కాకుండా వీళ్లను పెట్టుకోవాలి.

మినహాయింపుకు చెప్పిన కారణాలు వినదగ్గవి. మన బొగ్గులో గంధకం తక్కువట. నిజమే, అర శాతం లోపే. కాకపోతే కరెంటు కోసం ఏటా ఎనభై కోట్ల టన్నులకు పైగా కాలుస్తున్నాం కాబట్టి చారెడు చారెడుగా పోగై కొండంతవుతుంది. ఖర్చు రెండున్నర లక్షల కోట్లట. ఇది కూడా మాట్లాడుకోవాల్సిన లెక్కే. కరెంటు బిల్లు ఎవరింటికి వస్తుందో తెలిసినవాడు కాదనడు. మూడో కారణం దగ్గరే నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను. ఎఫ్‌జీడీలు పెడితే సున్నపురాయి తవ్వకానికీ, రవాణాకూ, యంత్రం నడపడానికీ అయ్యే కార్బన్ డయాక్సైడ్ 2025–30 మధ్య 6.9 కోట్ల టన్నులట. అది వాతావరణ మార్పుకు చేటట! ఏడాదికి వంద కోట్ల టన్నులకు పైగా వదిలే బొగ్గు విద్యుత్ రంగం, ఐదేళ్లలో వచ్చే ఏడు కోట్ల టన్నులు తలుచుకుని, భూగోళం మీద జాలితో, పొగ కడగడం మానుకుంది. గ్లాస్గోలో అమెరికా వాడి ముఖాన కొట్టాల్సిన న్యాయాన్ని తెచ్చి సొంత ఊరి ఊపిరితిత్తుల మీద కొట్టడమంటే ఇదే. గంధకానికి అమెరికాతో పేచీ లేదు. అది సన్నని ధూళిగా మారి, మన పిల్లల ముక్కుల్లోకే పోతుంది.

అసలు చిక్కేమిటంటే సల్ఫర్ డయాక్సైడ్ కంటికి కనిపించదు. బూడిదను చూడండి, ఎంత పరపతో. విజయవాడ పక్కన థర్మల్ కేంద్రం ఉన్న ఇబ్రహీంపట్నంలో మేడ మీద ఆరేసిన చీరను దులపకుండా మడత పెట్టే ఇల్లాలు ఉండదు. రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిదను ఎవరి లారీల్లో తోలాలన్న విషయం మీద 2024 నవంబర్‌లో ఇద్దరు నాయకుల వర్గాలు ఎదురుబొదురై, పోలీసులు మోహరించాల్సి వచ్చింది. టన్నుకింత అని ధర ఉంది కాబట్టి బూడిద కోసం ప్రాణాలివ్వడానికి మనుషులున్నారు. గంధకానికీ ఒక లారీ గిట్టుబాటైతే ఎఫ్‌జీడీలు ఈపాటికి సందుకొకటి వెలిసేవి.

ఇక ఎ తరగతి, అంటే తప్పకుండా పొగ కడగాల్సిన అదృష్టవంతులెవరో చూద్దాం. దేశ రాజధాని ప్రాంతానికి గానీ, పది లక్షల జనాభా దాటిన నగరానికి గానీ పది కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు. వాటికీ 2027 డిసెంబర్ దాకా గడువుంది, కంగారేం లేదు. సి తరగతి కేంద్రాలు పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలు. పెద్ద కేంద్రాల గొట్టాలు 220 మీటర్లు, 275 మీటర్లు ఉంటాయి. అంత ఎత్తు దేనికంటే పొగ దగ్గర్లో పడకుండా దూరంగా పోవడానికి. దూరంగా అంటే, ఆ పది కిలోమీటర్లు దాటి. దాటాక దాని సంగతి నిబంధనకు అనవసరం.

పది లక్షల జనాభా ఏ లెక్క ప్రకారం అంటారా? 2011 జనగణన ప్రకారం. 2021లో జరగాల్సిన జనగణన ఏమైందని అడక్కండి. దానికీ గడువు పెరిగింది, 2027కి. పొగ గడువు జనం లెక్క మీద ఆధారపడితే, జనం లెక్క మరో గడువు మీద ఆధారపడింది. ఇంత పకడ్బందీ ఏర్పాటును చూసి కూడా ప్రభుత్వాలకు ముందుచూపు లేదనేవాళ్ల నోరు మూయించాలి.

కాబట్టి థర్మల్ కేంద్రాలున్న ముద్దనూరు, కృష్ణపట్నం లాంటి చోట్ల ఉంటూ మంచి గాలి కోరుకునేవాళ్లకు మార్గం ఒక్కటే: ఊరి జనాభాను పది లక్షలకు చేర్చడం. రాష్ట్రం కూడా తోడుగానే ఉంది. ఎక్కువమందిని కనమని 2024లో ముఖ్యమంత్రి స్వయంగా పిలుపునిచ్చారు, ఇద్దరు పిల్లల నిబంధనను స్థానిక ఎన్నికల్లోంచి ఎత్తేశారు కూడా. ఒక్క చిన్న ఇబ్బంది. నిబంధనలో రాసింది 2011 లెక్క గనుక, ఆ పిల్లలందరూ 2011 మార్చి ఒకటికి ముందే పుట్టి ఉండాలి. దీని మీద ఎవరైనా వినతిపత్రం ఇస్తే, పుట్టడానికి గడువు పెంచే అవకాశాన్ని శాఖ తప్పక పరిశీలిస్తుంది.