ఆ తేలు పిల్లలు బతికాయా టీచర్?

ఇప్పుడే ఇంటికొచ్చాను. చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లో మెట్ల మీద కూచుని రాస్తున్నాను. పొద్దుటికి ఈ కోపం చల్లారిపోతుంది. చల్లారకముందే మీకు చెప్పాలి.

మా పర్లాకిమిడిలో నెలకో ఆదివారం ఎవరో ఒకరి డాబా మీద చేరి పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం, పది పన్నెండు మందిమి. ఈ నెల వంతు నాది. జంతువుల గురించి నవ్విస్తూ రాసిన ఇంగ్లీషు రచయిత జెరాల్డ్ డరెల్ గురించి చెబుతానని పోయిన నెలే అన్నాను. ఇరవై నిమిషాలిచ్చారు. బడి నుంచి వచ్చాక వారం రోజులు రాత్రుళ్ళు కూచుని రాసుకున్నాను. తీరా మొదలుపెట్టి అయిదు నిమిషాలు కాలేదు, మా పెద్ద మేష్టారు చెయ్యెత్తారు. "సరదా పుస్తకాలమ్మా అవి, బడిలో పిల్లలకి చెప్పుకో. ఇక్కడ సాహిత్యం మాట్లాడుకుందాం. చెప్తే ఆయన అన్నగారు లారెన్స్ గురించి చెప్పు, రచయితంటే ఆయనా!" అందరూ తలూపారు. ఉప్మా వచ్చేసింది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

నవ్విస్తే సాహిత్యం కాదని ఎవరు చెప్పారండీ? హాయిగా చదివించే పుస్తకమంటే మనవాళ్ళకి ఇంత చులకన ఎందుకు? అదీ ఈ ఊళ్ళో! గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడి, పండితుల చేత తిట్లు తిన్న మనిషి ఆయన. సవరల దగ్గర కూచుని వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు కూర్చాడు. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసేదీ ఈ మేష్టారే. దండ వేసిన చేత్తోనే తేలిగ్గా అర్థమయ్యే పుస్తకాన్ని పక్కకి నెట్టేస్తారు.

డరెల్ మనకి మరీ దూరపువాడు కూడా కాదు. 1925 జనవరి 7న జంషెడ్‌పూర్‌లో పుట్టాడు, అప్పట్లో అది బీహార్-ఒరిస్సా రాష్ట్రం. తండ్రి ఇంజనీరు, 1928లో పోయాడు. తల్లి పిల్లల్ని తీసుకుని ఇంగ్లండు వెళ్ళింది, 1935లో గ్రీసు దేశపు కోర్ఫూ దీవికి మకాం మార్చింది. నాలుగేళ్ళు ఆ దీవిలో పురుగూ పుట్రా వెంట తిరగడమే ఆ కుర్రాడి చదువు. బడి చదువు పెద్దగా లేదు. ఆ రోజుల గురించి 1956లో రాసిన పుస్తకమే 'మై ఫ్యామిలీ అండ్ అదర్ యానిమల్స్'.

అందులో ఒక చోట కుర్రాడు తల్లి తేలును పట్టుకొస్తాడు. దాని వీపు నిండా పిల్లలు. అగ్గిపెట్టెలో పెట్టి, భోజనాల వేళయిందని అలాగే మరిచిపోతాడు. భోజనాలయ్యాక అన్న లారెన్స్ సిగరెట్టు వెలిగించుకుందామని ఆ అగ్గిపెట్టే తెరుస్తాడు. ఇంక చూడండి, బల్ల మీద తేలు, పిల్లలు చెల్లాచెదురు, కేకలు, నీళ్ళు, మొరుగుతున్న కుక్క. అంత గొడవలోనూ కుర్రాడి బెంగంతా తేలు మీదే. చెంచాతో ఒక్కొక్క పిల్లనీ ఏరి తల్లి వీపు మీదకి చేరుస్తాడు, అందర్నీ సాసర్లో తీసుకెళ్ళి తోట గోడ మీద వదిలేస్తాడు.

ఇది ఎనిమిదో తరగతికి తెలుగులో చెప్పాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక వెనక బెంచీ పిల్లొకతి లేచి, "ఆ తేలు పిల్లలు బతికాయా టీచర్?" అంది. తేలు కనబడితే చెప్పు అందుకునే ఇంట్లో పుట్టిన పిల్ల అది. "వన్యప్రాణులను కాపాడుదాం" అన్న పోస్టరు మా బడి గోడకి ఏళ్ళ తరబడి వేలాడుతోంది. దాన్ని చూసి ఒక్కరైనా ఆ ప్రశ్న అడిగారా? తొలకరి పడ్డాక ఇంకో కుర్రాడు అగ్గిపెట్టె తెచ్చాడు. తెరిస్తే ఎర్రటి మఖమల్లు ముక్కలాంటి ఆరుద్ర పురుగు. నేనేమీ అనకముందే, "చూపించి వదిలేస్తాను టీచర్, దొరికిన చోటే" అన్నాడు. ఈ సంగతి డాబా మీద చెప్పాలనుకున్నాను, రెండో కాగితంలో ఉంది. అక్కడిదాకా రానిస్తేగా!

మేష్టారు ఫోన్లో వెతికి ఇంకోటి కూడా పట్టారు. లారెన్స్ నిజానికి ఆ ఇంట్లో ఉండేవాడే కాదట, భార్యతో వేరే ఉండేవాడట, కాబట్టి పుస్తకమంతా కల్పనేనట. అవును, నాన్సీతో వేరే ఉండేవాడు, నాకూ తెలుసు. పుస్తకంలో డరెల్ అన్నని ఆ ఇంట్లోనే పెడితే పెట్టాడు. తేలు పిల్లల్ని వీపున మోస్తుందన్నది నిజమా కాదా? అది చూడడానికి ఏ కోర్ఫూకీ వెళ్ళక్కర్లేదు, మన పెరట్లో రాయి తిరగేస్తే చాలు.

ఆ నవ్వుల పుస్తకాల డబ్బు ఎక్కడికి పోయిందో కూడా చెప్పనివ్వలేదు. కామెరూన్ నుంచి తెచ్చిన జంతువుల్ని పెట్టుకోడానికి చోటు లేక అక్కగారి పెరట్లో ఉంచాడు ఆ మనిషి. చివరికి 1959లో జెర్సీ దీవిలో జూ తెరిచాడు. జెర్సీ అంటే మనకి ఆవే గుర్తొస్తుంది, అవును, ఆ ఆవుల దీవే. టిక్కెట్టు కొని చూసి పోయే బోను కాదది. అంతరించిపోయే వాటిని పెంచి, పిల్లలు పెట్టించి, మళ్ళీ వాటి అడవికి పంపాలన్నదే ఆయన పట్టు. 1963లో సంస్థ పెట్టి గుర్తుగా డోడో పక్షిని పెట్టుకున్నాడు, మనుషుల చేతుల్లో మాయమైపోయిన పక్షిని. ఆ డోడో పుట్టిన మారిషస్‌లోనే 1974 నాటికి ఒక జాతి చిన్న డేగలు అడవిలో నాలుగే మిగిలాయి. నాలుగు! వాటిని నిలబెట్టిన చేతుల్లో ఆయన సంస్థ చెయ్యీ ఉంది. ఆయన 1995లో పోయాక అదే సంస్థ అస్సాంలో మోకాలెత్తు కూడా ఉండని మరగుజ్జు పందిని కాపాడే పనిలో పాలుపంచుకుంది. మీ గంభీర సాహిత్యంలో ఏ పుస్తకం ఒక్క పిచ్చుకను బతికించిందో చెప్పండి మేష్టారూ, వింటాను.

అసలు నా బాధ ఈ ఆదివారంది కాదు. మూడేళ్ళయింది లోపల పెట్టుకుని, ఇవాళ ఎలాగూ బయటపడింది కాబట్టి రాసేస్తున్నాను. వానాకాలం, కరెంటు లేదు. మా వీధిలో కట్టెల పాకలో జెర్రిగొడ్డు దూరింది. నేను పరిగెత్తుకెళ్ళేసరికే నలుగురు గెడకర్రలతో కొడుతున్నారు. "అది విషం లేని పామండీ, ఎలకల కోసం వచ్చింది, వదిలెయ్యండి" అని గొంతు చించుకున్నాను. "తోకతో కొడితే ఒళ్ళు కుళ్ళిపోతాది, నీకేటి తెలుసమ్మా" అన్నారు. పామునైనా ఊరికే చంపకూడదని 1972 నాటి వన్యప్రాణి చట్టం చెబుతోంది. ఎవరికి చెప్పను? ఆరడుగుల పాము, లేత పసుపు పొట్ట, పెదవుల మీద సన్నటి నల్లగీతలు, గుండ్రటి పెద్ద కళ్ళు. నడుం దగ్గర ఉబ్బెత్తుగా, అప్పుడే మింగిన ఎలక. మా కట్టెలు కొరికే ఎలక, మా బియ్యం తినే ఎలక. కర్ర మీద వేసుకుని వీధి వీధీ తిప్పారు, పిల్లలు వెనక పరిగెత్తారు. నా దగ్గర చదువుకునే పిల్లలే.

ఆ రాత్రి పాము ఎటు కదిలితే అటు టార్చి కొట్టి చూపించింది ఈ పెద్ద మేష్టారే. ఆయన దుర్మార్గుడు కాదు, నాకు తెలుసు. మా నాన్న పోయినప్పుడు మూడు రోజులు మా అరుగు మీదే ఉన్నారు. ఆ పాముని చూసి నవ్వడం, ముచ్చటపడడం ఎవరూ ఆయనకి నేర్పలేదు, భయం ఒక్కటే నేర్పారు. అందుకే ఆ పుస్తకం ఆయనకి వినిపించాలనుకున్నాను. పిల్లలకి ఎలాగూ చెబుతూనే ఉన్నాను. డాబా మీదకి తీసుకెళ్ళింది ఆయన కోసమే.

మేష్టారూ, మీరు ఇది చదువుతారని తెలుసు, మీ మనవరాలు చదివి వినిపిస్తుంది. వచ్చే నెల వంతు కూడా నేనే తీసుకుంటున్నాను, ఇరవై నిమిషాలూ నావే. ఈలోగా మళ్ళీ పాము కనబడితే టార్చి ఆర్పేసి నాకు ఫోన్ చెయ్యండి. ఎంత రాత్రయినా సరే. పక్క వీధే కదా, వచ్చేస్తాను.