కాన్వాయ్ దిగి పైపు వెంట నడవండి

కోనసీమలో కొబ్బరి తోటల మధ్య నడుస్తుంటే ఒక్కోచోట చెట్ల వరస ఉన్నట్టుండి తెగిపోతుంది. ఇటు తోట, అటు తోట, మధ్యలో బారుగా గడ్డి నేల, గట్టు మీద హెచ్చరిక రాసిన రాయి. కింద గ్యాస్ పైపు ఉందని గుర్తు. భూమి రైతుదే, పాసు పుస్తకంలో పేరూ ఆయనదే. కానీ అక్కడ ఒక్క కొబ్బరి మొక్క కూడా నాటకూడదు.

గ్యాస్ ఉత్పత్తి ఎలా జరుగుతుందో పాలకులకు చూపించాలనుకుంటే ఆ గడ్డి నేల దగ్గర మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్లాంటు గేటు దగ్గర మొదలైన పర్యటన ప్లాంటు గేటు దగ్గరే ముగుస్తుంది. కంచె లోపల వాల్వులు, మీటర్లు, కంట్రోల్ రూమ్ చూస్తారు. అవన్నీ తెలియాల్సినవే. కంచె బయట బతికే ఊళ్లు మాత్రం కారు అద్దంలోంచి కనబడి వెళ్లిపోతాయి.

నరసాపురం దగ్గర ప్రభుత్వ చమురు, గ్యాస్ సంస్థ ఓఎన్జీసీ తొలి బావి తవ్వింది 1978లో. దాదాపు అర్ధ శతాబ్దం గడిచినా చట్టాలు చేసేవాళ్లలో చాలామందికి గ్యాస్ అంటే వంటింటి సిలిండర్, లేదంటే బడ్జెట్ కాగితంలో ఒక అంకె. బావి తవ్వే భారీ యంత్రం, రిగ్గు, మూడు నాలుగు కిలోమీటర్ల లోతుకు తవ్వుతుంది. అక్కడి ఒత్తిడి పైకి తన్నకుండా మడ్ అనే బరువైన బురద ద్రవాన్ని బావిలోకి పంపి అదిమి పెడతారు. ఆ బరువు లెక్క తప్పినా, పైనున్న రక్షణ వాల్వు పట్టకపోయినా బ్లోఅవుటే, అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్నడమే. 1995 జనవరి 8న కోనసీమలోని పాసర్లపూడిలో జరిగింది అదే. రెండు నెలలకు పైగా ఆ మంట ఆరలేదు. అంత చిన్న పొరపాటుకు ఎంత మూల్యమో స్లైడు మీద చూస్తే తెలియదు, ఆ రోజుల్లో ఇల్లు వదిలి వెళ్లిన పెద్దవాళ్లతో పది నిమిషాలు కూర్చుంటే తెలుస్తుంది.

రిగ్గు వెళ్లిపోయాక బావి మీద మిగిలేది వాల్వుల గుత్తి. దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు. అక్కడి నుంచి గ్యాస్ సన్నటి పైపుల్లో కలెక్టింగ్ స్టేషన్‌కు చేరుతుంది. బావిలోంచి వచ్చేది ఉత్త గ్యాస్ కాదు. దాంతో ఉప్పునీరు, కండెన్సేట్ అనే తేలికపాటి నూనె కూడా వస్తాయి. వాటిని విడదీయాలి, గ్యాస్‌లోని తేమ తీసేయాలి, ఆ తర్వాతే పెద్ద పైపులోకి పంపాలి. ఇది వినడానికి సాంకేతికంగా ఉంటుంది కాబట్టి పర్యటనల్లో రెండు వాక్యాల్లో దాటేస్తారు. దాటేయకూడని చోటు ఇదే. 2014 జూన్ 27న తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే గ్రామంలో, గ్యాస్ రవాణా చేసే ప్రభుత్వ సంస్థ గెయిల్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తడి గ్యాస్ పంపడం, లోపల తుప్పు పట్టడం విచారణలో బయటపడ్డాయి. తేమ తీసే యూనిట్ పెట్టారా లేదా అన్న ప్రశ్న ఇంజినీర్లకే కాదు, పైపు మీద నిద్రపోయే ఊరికి కూడా ప్రాణసమానం. ఆ ప్రశ్న అడిగే హక్కు మాత్రం ఊరికి లేదు.

ఎందుకు లేదో చట్టం చదివితే అర్థమవుతుంది. పైపు వేయడానికి భూమి తీసుకునేది 1962 నాటి పెట్రోలియం పైప్‌లైన్ల చట్టం కింద. అది భూమిని కొనదు, వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటుంది. గెజిట్‌లో నోటిఫికేషన్ వస్తుంది, అభ్యంతరం చెప్పడానికి 21 రోజుల గడువు ఉంటుంది. గ్రామసభ పెట్టాలన్న మాట ఆ చట్టంలో లేదు. ఆ తర్వాత రైతు ఆ నేల మీద ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పంట నష్టానికి, కొట్టేసిన చెట్లకు విడిగా లెక్కకట్టినా, ఆ హక్కు కోసం ఇచ్చేది మార్కెట్ విలువలో 10 శాతం, అదీ ఒక్కసారే.

వరి చేలో ఈ షరతు పెద్దగా నొప్పి పుట్టించదు. పైపు పూడ్చాక మళ్లీ నాట్లు వేసుకుంటారు. గోధుమ పొలాల్లోనూ అంతే. కొబ్బరి నేలలో, రొయ్యల చెరువుల నేలలో అదే షరతు బతుకుతెరువు తీసేస్తుంది. చిన్న లెక్క చూడండి. పైపు కోసం 20 మీటర్ల వెడల్పు తీసుకున్నారనుకుందాం. అది ఒక తోటలో 100 మీటర్లు వెళితే దాదాపు అర ఎకరం పోతుంది. పాతిక అడుగుల ఎడంతో నాటితే ఎకరానికి 70 చెట్లు, అంటే సుమారు 35 చెట్ల జాగా. కొబ్బరి చెట్టు 60 ఏళ్లు కాస్తుంది. తండ్రి నాటిన చెట్టుకు కొడుకు, మనవడు దింపు తీయించుకుంటారు, అంటే కాయలు దించుకుంటారు. మూడు తరాల ఆదాయానికి భూమి ధరలో పదో వంతు సరిపోతుందని ఈ నేల మీద నిలబడి ఎవరూ అనలేరు. దేశమంతటికీ ఒకే కొలత పెట్టినవాళ్లు ఇలాంటి తోటను చూసి ఉండరని నా అనుమానం.

డబ్బు సంగతీ అంతే. తీసిన గ్యాస్‌కు కంపెనీ ప్రభుత్వానికి కట్టే సొమ్మును రాయల్టీ అంటారు. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వెళ్తుంది, సముద్రంలోని బావులది కేంద్రానికి. గాడిమొగ, ఓడలరేవు తీరాల్లో పైపులు ఒడ్డెక్కుతున్నా సముద్ర గ్యాస్ రాయల్టీ ఢిల్లీదే. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. సింగరేణి బొగ్గు తీసే జిల్లాలకు ఆ నిధి వస్తోంది. చమురు, గ్యాస్ ఆ చట్టం పరిధిలో లేవు, కాబట్టి కోనసీమకు రాదు. బొగ్గు తవ్వితే దెబ్బతిన్న ఊరికి వాటా ఉండాలని ఒప్పుకున్న ప్రభుత్వం గ్యాస్ తీస్తే ఎందుకు ఒప్పుకోదు? దీనికి సరైన జవాబు నేను ఇంతవరకూ వినలేదు.

గ్యాస్ వద్దని నేను అనడం లేదు. ఎరువుకు, కరెంటుకు అది కావాలి. కృష్ణా గోదావరి తీరానికి ఎదురుగా సముద్రంలో రిలయన్స్ తవ్విన కేజీ డీ6 క్షేత్రంలో 2010లో రోజుకు 60 మిలియన్ ఘనపు మీటర్లకు చేరిన ఉత్పత్తి రెండు మూడేళ్లలో కుప్పకూలితే, దాన్ని నమ్ముకుని కట్టిన విద్యుత్ కేంద్రాలు ఖాళీగా కూర్చున్నాయి. బావుల్లో నీళ్లు చేరాయని కంపెనీ, అనుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం వాదించుకున్నాయి. భూగర్భం కాగితం మీద గీసినట్టు ఉండదని ముందే తెలుసుకుని ఉంటే ఆ పెట్టుబడులకు అంత తొందరపడేవాళ్లు కాదు. చూపించడం వల్ల కలిగే లాభం కంపెనీలకూ ఉంది.

అందుకే పర్యటన దారి మార్చమని అడుగుతున్నాను. బావి దగ్గర దిగి, కలెక్టింగ్ స్టేషన్ వరకు పైపు వెంట నడవాలి. పక్కన ఇంజినీరుతో పాటు రైతు, సర్పంచ్, దింపు కార్మికుడు ఉండాలి. ఉప్పునీరు ఎక్కడికి పంపుతున్నారో, తుప్పు పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారో, లీకైతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఊరివాళ్ల ముందే అడగాలి. పైపు గ్యాస్‌కు సహజంగా వాసన ఉండదు, వంటింట్లో మనకు తెలిసే వాసన తర్వాత కలిపింది. పైపు మీద బతికేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి చెప్పారో అక్కడికక్కడే తేలిపోతుంది. తిరిగి వెళ్లేటప్పుడు ఆ తోట రైతుకు ఇచ్చిన పరిహారం కాగితం నకలు ఒకటి తీసుకుని, 1962 చట్టం పక్కన పెట్టి చదవాలి.