బార్బెర్రీ దొరవారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ బెర్బెరిస్ జూలియానే అనే ముళ్ళపొద దొరవారికి, ఎనిమిదేళ్ళ క్రితం తమరిని డబ్బిచ్చి కొని, స్వహస్తాలతో గొయ్యి తవ్వి నాటి, నాటి నుంచి నేటి దాకా ఆ హస్తాలకే మందు రాసుకుంటున్న ఇంటి యజమాని నమస్కరించి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. తమరు కుశలంగా ఉన్నారని పడకగది కిటికీలోంచి చూస్తేనే తెలుస్తోంది. ఆ కిటికీని మూడు వంతులు తమరే ఆక్రమించారు కనుక అందులోంచి చూడడానికి ఇక వేరే ఏమీ లేదు. నా కుశలం ఎలా ఉందో కింద మనవి చేసుకుంటున్నాను.

తమరిని నేనే కోరి తెచ్చుకున్నానన్న సంగతి దాచను. కిటికీ దాకా దొంగ రాకూడదంటే ఇనుప చువ్వలకన్నా ముళ్ళపొద మేలని, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందని, ఎండైనా సగం నీడైనా సర్దుకుపోతుందని, వేళ్ళ దగ్గర నీరు నిలవకపోతే చాలు, ఇంకేమీ అడగదని మొక్కలమ్మే మనిషి చెప్పాడు. ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. నా బాధంతా అదే. అబద్ధం ఆడి ఉంటే తమరిని తీసుకెళ్ళి ఆయన గుమ్మంలోనే దించి వచ్చేవాణ్ణి. తమరు నిజంగానే నన్ను ఏమీ అడగలేదు. గోడకు అడుగు దూరంలో, నడిచే బాట పక్కనే గొయ్యి తవ్వుతున్నప్పుడు, “అయ్యా, నేను ఎదిగితే రెండు మూడు మీటర్ల ఎత్తు, ఇంచుమించు అంతే వెడల్పు అవుతాను, మీరు నడిచేది ఎక్కడ?” అని ఒక్క మాట అడిగి ఉంటే, ఈ రోజు నేను నా ఇంటి బాట మీద గోడకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి పక్కవాటుగా నడిచే గతి పట్టేది కాదు.

ఇక తమరి ఆయుధాగారం సంగతి. కొమ్మ మీద కణుపు కణుపుకూ మూడేసి ముళ్ళు, చిన్న త్రిశూలాల్లా, లేత పసుపు రంగులో నిలబడి ఉంటాయి. వృక్షశాస్త్రం తెలిసినవారు అవి రూపు మారిన ఆకులని అంటారు. అంటే తమరు ముందు ఆకు వేద్దామనే అనుకుని, నన్ను చూశాక మనసు మార్చుకున్నారన్నమాట. ఆకులుగానే మిగిలిపోయిన ఆకులైనా సాధువులా అంటే అదీ లేదు, వాటి అంచుల వెంట రంపపు పళ్ళలా మళ్ళీ ముళ్ళే. ముల్లు వచ్చి ఆకు మీద పడినా, ఆకు వెళ్ళి ముల్లు మీద పడినా ఆకుకే నష్టమని పెద్దలు సామెత చెప్పారు. తమరి కొమ్మ మీద ఆకూ ముల్లూ ఒక్క కుటుంబమే అయిపోయాయి కాబట్టి ఆ సామెతలో నష్టపోయే పాత్ర ఖాళీ పడింది. దాన్ని నేను భర్తీ చేస్తున్నాను.

నిత్యహరితమనే మాటను కూడా నేను సరిగ్గా అర్థం చేసుకోలేదు. ఆకులన్నీ ఒక్కసారిగా రాల్చదని మాత్రమే దాని అర్థమట, అసలు రాల్చదని కాదు. తమరి ముసలి ఆకులు కొన్ని ముదురు ఎరుపుకు తిరిగి, ఎవరికీ చెప్పకుండా ఒకటీ అరా రాలిపోతుంటాయి. ఆ ఎరుపు అందమైనదే, కాదనను. పచ్చి ఆకు చేతికి తగిలితే కాస్త వంగుతుంది, ఎండిన ఆకుకు మాత్రం ఆ మర్యాద లేదు. తమరికి నాలుగు గజాల దూరంలో ఉన్న బంతిమడిలో, తొడుగులు లేకుండా వట్టి చేత్తో గడ్డి పీకుతున్న ఒక ఉదయం, మట్టి రంగులోకి మారి మట్టిలోనే పడి ఉన్న అలాంటి ఒక ఆకు నా చూపుడువేలికి దొరికింది. గోటికీ కండకీ మధ్య దిగి, కొన లోపలే విరిగింది. దీపం కింద కూర్చుని, కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని, పిన్నీసుతో గంటసేపు గాలించాక బయటికి వచ్చిన ఆ కొన ఆవగింజలో సగం కూడా లేదు. దాన్ని కాగితం మీద పెట్టి ఇంట్లోవాళ్ళకు చూపిస్తే, “దీనికా ఇంత గోల?” అన్నారు. వారు తమరి పక్షం.

దొంగ సంగతికి వస్తున్నాను. ఈ ఎనిమిదేళ్ళలో ఆ కిటికీలోంచి లోపలికి దూరడానికి ప్రయత్నించిన మనిషి ఒక్కడే, వాడిని నేనే. తాళంచెవి లోపల ఉండగా గాలికి తలుపు వేసుకుపోయింది. కిటికీ రెక్క తెరిచే ఉంది. ఇంట్లోవాళ్ళు తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. తమరి ఎదుట పల్చని నూలు చొక్కాతో నిలబడి, ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, మోకాళ్ళ మీద కూర్చుని కింద నుంచి ఒకసారి దారి వెతికాను. కింద దారి ఉంది, అది పిల్లికి. నా కళ్ళముందే మా పిల్లి తమరి మొదట్లోంచి ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి, తోకకు కూడా ఒక గీత పడకుండా గోడెక్కి, కిటికీ గుండా లోపలికి వెళ్ళి, గట్టు మీద కూర్చుని నన్ను చూసింది. ఆపద్ధర్మంగా ఒక గోనెపట్టా తమరి మీద కప్పి చెయ్యి చాపాను. పట్టా ఇప్పటికీ తమరి దగ్గరే ఉంది. చొక్కా కుడిచెయ్యి కూడా కొంత అక్కడే ఉంది. సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుని, నేను పెట్టుకున్న కాపలా ఎంత పటిష్ఠంగా ఉందో పూర్తి తీరికతో మెచ్చుకున్నాను. కంచె చేను మేస్తుందని విన్నాను గాని, చేనును వదిలేసి రైతును మేసే కంచెను అప్పుడే చూశాను.

తమరి వంశచరిత్ర తెలుసుకుంటే తప్ప తమరితో వ్యవహారం నడపలేనని ఆ మర్నాడే పుస్తకాలు తెరిచాను. తమరి స్వస్థలం మధ్య చైనా కొండలు. 1900 ప్రాంతంలో ఎర్నెస్ట్ విల్సన్ అనే మొక్కల అన్వేషకుడు తమరిని ఇంగ్లండు తోటలకు చేర్చాడట. కామిల్లో ష్నైడర్ అనే వృక్షశాస్త్రవేత్త తమరికి తన భార్య జూలియానా పేరు పెట్టాడట. ఆ మహాతల్లి ఆ గౌరవాన్ని ఏ ముఖంతో స్వీకరించిందో రాసిన పుస్తకం నాకు దొరకలేదు. తమరి చిలీ దేశపు దాయాదిని 1835లో చార్లెస్ డార్విన్ సేకరించాడు, ఆయన పేరే దానికి పెట్టారు. ఆ దాయాది తర్వాత న్యూజీలాండ్ తోటల్లోకి అతిథిగా వెళ్ళి, పళ్ళు తిన్న పక్షుల పొట్టల్లో అడవులకెక్కి, ఇప్పుడు అక్కడ కలుపుమొక్కల జాబితాలో ఉంది. ఇక ఆకు రాల్చే ఐరోపా బార్బెర్రీ ఉంది చూశారూ, అది మరీ ఘనం. గోధుమ కాండానికి పట్టే తుప్పు తెగులు శిలీంధ్రం తన బతుకులో ఒక భాగం గోధుమ మీద, మరొక భాగం ఆ బార్బెర్రీ ఆకు మీద గడుపుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ 1865లో నిరూపించాడు. రైతులు ఆయనకన్నా ముందే పసిగట్టారు. అమెరికాలోని కనెక్టికట్ వలసరాజ్యంలో 1726లోనే ఆ పొదలను పెరికివేయడానికి చట్టం చేశారు. 1918లో అమెరికా ప్రభుత్వం ఊరూరా మనుషులను పంపి వాటిని వేళ్ళతో తవ్వించే ఉద్యమమే మొదలుపెట్టింది. తమరి జాతి ఆ తెగులును తట్టుకుంటుందని, కనుక ఆ కేసులో తమరి పేరు లేదని చదివినప్పుడు, నిజం చెప్పాలంటే, కొంచెం నిరాశపడ్డాను. ఏ ప్రభుత్వమైనా వచ్చి తమరిని తవ్వుకుపోతుందేమోనని ఒక చిన్న ఆశ ఉండేది.

తమరి పూల ఊసెత్తకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. వసంతంలో ముళ్ళ మధ్య గుత్తులు గుత్తులుగా పసుపు పూలు విచ్చుకుంటే, తేనెటీగల రొద పొద్దున్నే నన్ను నిద్రలేపుతుంది. ఆ పువ్వులో ఆరు కేసరాలు రేకుల ఒడిలో వెల్లకిలా పడుకుని ఉంటాయి. గడ్డిపరక కొనతో కేసరం మొదలును అలా తాకితే చాలు, రెప్పపాటులో లేచి లోపలికి కొట్టుకుంటుంది. తేనె కోసం తల దూర్చిన ఈగ ముఖానికి పుప్పొడి పులిమి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ వెనక్కి వాలుతుంది. వచ్చిన అతిథికి విందు వడ్డిస్తూనే చెంప పగలగొట్టే ఇల్లు తమరిది. అయినా ఆ గడ్డిపరక ఆట ఆడుతూ నేను ఒక ఆదివారం సగం గడిపానని, ఆ సగం రోజు తమరి మీద నాకు కోపం గుర్తు రాలేదని ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

కోపం కత్తిరింపు రోజున వచ్చింది. తమరు పూసేది నిరుటి కొమ్మల మీద కాబట్టి పూలు వాడిన వెంటనే కత్తిరించాలి. ఈ నియమం నాకు కత్తిరించిన తర్వాత తెలిసింది. ఆలస్యంగా పొట్టి చేసిన పాపానికి మరుసటి ఏడు పూలు అలిగాయి, ముళ్ళు మాత్రం అలగలేదు. మోచేతుల దాకా తోలు తొడుగులు వేసుకుని, తమరి చుట్టూ పాత దుప్పట్లు పరిచి, లావు కొమ్మ ఒకటి కోశాను. బెరడు కింద చెక్క పసుపు కొమ్ము విరిచినట్టు పచ్చగా మెరిసింది. తమరి దేహంలో ఉండే బెర్బెరిన్ అనే పదార్థం రంగు అదని, ఆయుర్వేదం దారుహరిద్ర అని, మనం మానుపసుపు అని పిలిచే మొక్క కూడా తమరి వంశమేనని తెలిసి, కత్తెర పక్కన పెట్టి చేతులు జోడించబోయాను. తొడుగుల్లో ఇరుక్కున్న ముళ్ళు రెండు అరచేతులూ కలవనీయలేదు. దుప్పట్లలో పడని రెమ్మ ఒక్కటే, అది సైకిలు ముందు చక్రానికి దొరికింది. కోసిన కొమ్మలను ఎరువుకుప్పలో వేయకూడదన్న జ్ఞానం, మరుసటి ఏడు ఆ ఎరువును చేత్తో చల్లుతున్నప్పుడు కలిగింది.

పెరికివేయరాదా అని మిత్రులు అడుగుతారు. పెరకాలంటే ముందు దగ్గరికి వెళ్ళాలి కదా. ఒకసారి మొదలంటా నరికాను కూడా. ఆ ఏడే మొదట్లోంచి పది పిలకలు లేచాయి. లేత పిలకల ముళ్ళు మెత్తగా ఉంటాయి, ముట్టుకుంటే వంగుతాయి. వాటిని చూసి తమరికి బుద్ధి వచ్చిందనుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి అవి గట్టిపడి యథాస్థానంలో నిలబడ్డాయి.

కనుక నేను కోరేది తమరు వెళ్ళిపోవాలని కాదు. నీలి నలుపు పళ్ళ మీద తెల్లటి బూడిద పూసుకుని తమరు నిలబడితే ముచ్చటగానే ఉంటుంది. పిట్టలకు తమరి గుబురు కోట, పిల్లికి నీడ. తమరి మొదట్లో కత్తికి గాని చేతికి గాని అందని గరిక తమరి అండ చూసుకుని మోకాలెత్తు ఎదిగి ఊరేగుతోంది. ఇంతమందిని పోషిస్తున్నవారు, జాబితాలో చిట్టచివర నా పేరు కూడా చేర్చుకుని, బాట వైపు ఒక్క మూరెడు తగ్గి నిలబడితే చాలు.

ఇట్లు,
తమరి యజమాని (రశీదులో అలాగే రాసి ఉంది).

తా.క. తాళంచెవికి నకలు చేయించి, ఎవరూ తీయలేని చోట దాచమని ఇంట్లో సలహా ఇచ్చారు. తమరి మొదట్లో దాచాను. ఇవాళ మళ్ళీ తలుపు పడింది. సలహా ఎంత గొప్పదో గుమ్మంలో కూర్చుని ఈ లేఖ రాస్తున్న నాకు తెలుసు.