ముత్యాలమ్మ తోకకు నామకరణం

పిల్లకు ముత్యాలమ్మ అని పెడదామని నాయనమ్మ నోరు తెరిస్తే ఇల్లంతా మొహం చిట్లిస్తుంది. మరీ పాత పేరట. రెండక్షరాల్లో ఉండాలి, అర్థం ఉండాలి, క్లాసులో ఇంకెవరికీ ఉండకూడదు. మూడు రాత్రులు ఫోన్లు తిరగేసి చివరికి తేల్చినది: రీటా. అది ముత్యాలమ్మ తోకేనని నాయనమ్మకు మాత్రం చెప్పకండి.

గ్రీకులో మార్గరీతేస్ అంటే ముత్యం. అదీ సొంత సొత్తు కాదు, ప్రాచీన ఇరానీ భాషల దగ్గర చేబదులు తెచ్చుకున్నదని పండితుల మాట. పారశీకంలో ముత్యం నేటికీ మర్వారీదే. ఆ గ్రీకు ముక్క లాటిన్‌లో మార్గరీతా, ఫ్రెంచిలో మార్గెరీత్, ఇంగ్లీషులో మార్గరెట్ అయింది. అక్కడితో ఆగితే గొడవే లేదు. జర్మన్లు తల నరికి గ్రేటె అన్నారు. ఇటలీవాళ్లు తోక మాత్రం ఉంచుకుని రీటా అన్నారు. మార్గరెట్ ముద్దుపేరైన మెగ్‌కు వేల్స్‌వాళ్లు కొత్త తోక కట్టి మేగన్ చేశారు.

పెగ్గీ తయారీ ఇంకా సులువు. మార్గరెట్‌లో ‘ర’ మింగేసి మెగ్గీ చేయాలి, ‘మ’ పీకి ‘ప’ పెట్టాలి. మోలీ పోలీ అయిందీ ఇలాగే. పుస్తకం గిస్తకం అనే జాతికి ఇందులో ఆశ్చర్యపోయే హక్కు లేదు. డైసీ కథ మాత్రం వేరు: ఫ్రెంచిలో మార్గెరీత్ ఒక పువ్వు కూడా, ఆ పువ్వును ఇంగ్లీషులో డైసీ అంటారు. అలా ఒక్క అక్షరమూ కలవకుండానే మార్గరెట్‌కు డైసీ ముద్దుపేరైంది.

ముత్యం వంటింట్లోకీ దూరింది. కొవ్వులో ముత్యంలా మెరిసిన పదార్థానికి షెవ్రెల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త మార్గరిక్ ఆమ్లమని పేరు పెట్టాడు. అది స్టియరిక్, పామిటిక్ ఆమ్లాల మిశ్రమమని తర్వాత తేలింది. అయినా 1869లో పుట్టిన చవక వెన్నకు ఆ పేరే అంటుకుని మార్గరిన్ అయింది. అమ్మాయి పేరులోని ‘గ’ను వదిలేసి, డబ్బా మీది ‘గ’ను మాత్రం ‘జ’గా పలకడం ఇంగ్లీషువాళ్ల ప్రత్యేక పరిశ్రమ.

రీటాకు మూలం ఋగ్వేదంలోని ఋతమని వాదించే పెద్దలూ ఉన్నారు. ఋకారం దీర్ఘం ఎప్పుడు తీసిందో, ‘త’ ఏ పూట ‘ట’ అయిందో వారు సెలవివ్వరు. 15వ శతాబ్దపు ఇటలీ సెయింట్ రీటా అసలు పేరు మార్గెరీతా అని చెబితే వినరు కూడా.

1919లో మదనపల్లెలో జనగణమనకు స్వరలిపి రాసిన మార్గరెట్ కజిన్స్‌ను ఆ ఊరివాళ్లు ‘ముత్యాలమ్మగారూ’ అని పిలిచి ఉంటే, అనువాదంలో తప్పు పట్టడానికి ఏమీ దొరికేది కాదు.