ఎకరం 177 కోట్లు.. అద్దె ఇంటికి పైసా లేదా?

కూలీలకు సర్కారు అద్దె ఇళ్ల మాట ఎత్తితే చాలు, తెలంగాణలో పాలకులు ‘నిధుల్లేవు’ అంటారు. ఈ మాట వినీ వినీ విసుగెత్తింది.

లాక్‌డౌన్‌లో వలస కూలీలు పిల్లల్ని చంకనేసుకుని నడిచిపోయాక, 2020 జులైలో కేంద్రం అద్దె ఇళ్ల పథకం తెచ్చింది. ఖాళీగా ఉన్న సర్కారు ఇళ్లు దేశంలో లక్షకు పైనే అన్నారు. నాలుగేళ్లకు అందులో అద్దెకు మార్చినవి 5,648! ప్రభుత్వం తన జేబులో చెయ్యి పెట్టలేదు మరి. మరమ్మతులు ప్రైవేటువాళ్లు చేయించుకుని, 25 ఏళ్లపాటు అద్దెలు వసూలు చేసుకోవాలన్నారు. ఊరికి దూరంగా, తలుపులూడిన ఇళ్ల మీద ఎవడు పెట్టుబడి పెడతాడు? 2024 నాటి కొత్త పథకంలో కొత్త టెక్నాలజీతో కట్టే అద్దె ఇళ్లకు చదరపు మీటరుకు కేంద్రం 3,000, రాష్ట్రం 2,000 రూపాయలు ఇస్తాయి. కొంత నయం.

రాష్ట్రం వాటా దగ్గరే మళ్లీ పాత పాట. 2023 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ శివారు కోకాపేటలో ఎకరం 100.75 కోట్లకు అమ్మింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లకు అమ్మింది. ప్రతిపక్షంలో ఉండగా భూముల వేలాన్ని తిట్టిన కాంగ్రెస్‌వాళ్లే గద్దెనెక్కాక రికార్డు ధర అని మురిసిపోయారు. ఆ సొమ్ములో అద్దె ఇళ్లకు పక్కన పెట్టిందెంత?

ఇక సెస్సు. నిర్మాణ ఖర్చులో ఒక శాతం కార్మికుల సంక్షేమానికని 1996 నుంచి చట్టమే ఉంది. దేశమంతా కలిపి 37,400 కోట్లు వసూలైతే ఖర్చయింది 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టు మందలించింది. అందులోనూ కొంత ల్యాప్‌టాప్‌లకు, వాషింగ్ మెషీన్లకు పోయిందట. రేకుల షెడ్డులో ఉండే అడ్డా కూలీకి వాషింగ్ మెషీన్! ఆ కూలీ పేరున వసూలైన డబ్బు బ్యాంకులో ఉంటుంది, ఆ కూలీ మాత్రం ఇరుకు గదికి నెలనెలా అద్దె కడుతుంటాడు.

సంక్షేమ పథకాలకు డబ్బు కావాలని, పేదల కల సొంతిల్లేనని ప్రభుత్వం అంటుంది. కాదనం. కానీ ఆర్నెల్ల పనికి వలస వచ్చినవాడికి కావలసింది పట్టా కాదు, పని దగ్గర్లో కట్టుకోగలిగిన అద్దెకు ఒక గది. భూమి ఒకసారి పోతే మళ్లీ రాదు. విత్తనాల వడ్లు దంచుకు తింటూ గాదె ఖాళీ అని ఏడిస్తే ఎవరు నమ్ముతారు?

భూముల వేలం సొమ్ములో పదో వంతు అద్దె ఇళ్ల నిధికని జీవోలోనే రాయాలి. వచ్చే వేలం నోటిఫికేషన్‌లో ఆ ముక్క లేకపోతే, ‘నిధుల్లేవు’ అని మాత్రం మళ్లీ మా ముందు అనొద్దు.